"ఇవాళ ఎవరి పెళ్లి?": కిల్ట్ కట్టుకుని వీధిలోకి వెళ్తే

(ఎడిన్‌బరోలో కొన్ని తెలుగు కుటుంబాలు కలుసుకున్న సాయంకాలం, కిల్ట్ షాపులో పనిచేసే ఒక తెలుగాయన చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినిపిస్తోందాండీ? సరే.

నన్ను పిలిచినవాళ్లు "స్కాట్లండ్ సంస్కృతి మీద ఓ అరగంట మాట్లాడండి" అన్నారు. అంత పెద్ద విషయం నా వల్ల కాదు. నేను కిల్టులు అమ్మే, అద్దెకిచ్చే షాపులో కొలతలు తీసేవాణ్ణి. కిల్ట్ అంటే ఇక్కడి మగవాళ్లు నడుముకి కట్టుకునే, మోకాళ్ల దాకా వచ్చే కుచ్చిళ్ల ఉన్ని బట్ట. షాపులో ఉన్నంతసేపూ కిల్ట్ కట్టుకోవాలి, అది ఉద్యోగం. సెలవు రోజున కూరగాయలకెళ్లినా అదే కట్టుకుంటాను, అది నా ఇష్టం. కాబట్టి నాలాగా మామూలు రోజుల్లో కిల్ట్ కట్టేవాళ్లను దారినపోయేవాళ్లు ఏమడుగుతారో, ఎందుకడుగుతారో చెబుతానన్నాను. కాస్త నిరాశపడ్డారు గానీ ఒప్పుకున్నారు. (నవ్వులు)

మీలో సగం మంది మనసులో ఏ ప్రశ్న ఉందో నాకు తెలుసు. దానికీ వస్తాను, కంగారుపడకండి. కానీ స్కాట్లండ్ వాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది అది కాదు. "ఇవాళ ఎవరి పెళ్లి?" అని అడుగుతారు. బస్టాపులో అదే, సూపర్ మార్కెట్ కౌంటర్ దగ్గర అదే. పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకున్నా అదే. శనివారమైతే "మర్రీఫీల్డ్‌లో మ్యాచ్ ఉందా?" అంటారు, అది ఇక్కడి రగ్బీ స్టేడియం. పెళ్లీ లేదు, మ్యాచూ లేదు, పాల కోసం వచ్చానంటే, వీడేదో దాస్తున్నాడన్నట్టు చూస్తారు.

కిల్ట్ వాళ్ల దేశపు దుస్తు. స్కాట్లండ్ అనగానే ప్రపంచంలో ఎవరికైనా మొదట గుర్తొచ్చేది అదే. అలాంటిది, ఆ దేశ రాజధానిలోనే మంగళవారం మధ్యాహ్నం ఒక మనిషి దాన్ని కట్టుకుని కనిపిస్తే కారణం చెప్పాల్సి వస్తోంది. జీన్స్ వేసుకున్నవాణ్ణి "ఏంటి విశేషం?" అని ఎవరూ అడగరు కదా. ఈ తేడా ఎలా వచ్చిందో తెలిస్తే మిగతా ప్రశ్నల సంగతి కూడా తెలుస్తుంది. అందుకే కాస్త చరిత్ర చెబుతాను, ఓపిక పట్టండి.

1746 ఏప్రిల్ 16న ఇన్వర్నెస్ దగ్గర కలోడెన్‌లో జాకొబైట్ల సైన్యం ఓడిపోయింది. స్టువర్ట్ వంశానికి మళ్లీ సింహాసనం దక్కాలని పోరాడినవాళ్లు వీళ్లు. అందులో ఎక్కువమంది హైలాండ్స్ వాళ్లు, అంటే ఉత్తరాన, పడమర కొండల్లో, దీవుల్లో గేలిక్ మాట్లాడే జనం. గెలిచిన లండన్ ప్రభుత్వం వాళ్ల ఆయుధాలు లాక్కుని ఊరుకోలేదు, బట్టల మీద కూడా పడింది. స్కాట్లండ్‌లో ఏ మగవాడూ, ఏ మగపిల్లవాడూ హైలాండ్ బట్టలు కట్టకూడదని చట్టం చేసింది. 1747 ఆగస్టు 1 నుంచి అమలు. మొదటిసారి దొరికితే ఆరు నెలలు జైలు, బెయిలు లేదు. రెండోసారి దొరికితే సముద్రాల అవతల వలస రాజ్యానికి ఏడేళ్లు. సైన్యంలో ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు. రాజుగారి తరఫున తుపాకీ పడితే కిల్ట్ యూనిఫామ్, పశువులు కాసుకుంటూ కట్టుకుంటే నేరం!

ఆ చట్టాన్ని 1782లో ఎత్తేశారు. అప్పటికి ముప్పై అయిదేళ్లు గడిచిపోయాయి. ఆ మధ్య పుట్టి పెరిగిన మగపిల్లలకు ప్యాంటే అలవాటైంది. చట్టం పోయినంత మాత్రాన పాత అలవాటు తిరిగి రాలేదు.

ఆ మధ్య పుట్టినవాళ్లలో ఒకాయన మనకు బాగా తెలిసినవాడే. కాలిన్ మెకెంజీ. మన ఊళ్ల కైఫీయతులు రాయించిన మెకెంజీ దొర. ఆయన పుట్టింది 1754 ప్రాంతంలో, లూయిస్ దీవిలోని స్టోర్నొవేలో. అసలుసిసలు హైలాండ్ దేశం, మెకెంజీల గడ్డ. కానీ ఆయన పుట్టేనాటికే నిషేధం అమల్లో ఉంది. నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడాదికి, 1783లో, ఆయన మద్రాసులో దిగాడు. తర్వాత కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులతో కలిసి మన ఊరూరి చరిత్ర ఏరించాడు. 1816లో థామస్ హిక్కీ వేసిన బొమ్మలో ఎర్ర సైనిక కోటులో, పక్కన మనవాళ్లతో కనిపిస్తాడు. ఇంకొకరి ఊరి సంప్రదాయాలు రాసిపెట్టడానికి అంత శ్రమపడిన మనిషి బాల్యంలో సొంత ఊరి బట్ట కట్టడం నేరం. ఆ విషయం ఆయనకు ఎప్పుడైనా తట్టిందో లేదోనని నాకు అనిపిస్తుంటుంది.

ఇంకొకాయన థామస్ మన్రో. రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారే, ఆయన. 1761లో గ్లాస్గోలో వ్యాపారి ఇంట్లో పుట్టాడు. గ్లాస్గో లోలాండ్స్‌లో, అంటే కొండలకు దక్షిణాన ఉన్న పల్లపు ప్రాంతంలో ఉంది. ఆ రోజుల్లో గ్లాస్గో వ్యాపారులకు కిల్ట్ అంటే కొండమనుషుల బట్ట, పశువుల దొంగల బట్ట. నిషేధం ఉన్నా లేకపోయినా ఆ ఇంట్లో ఎవరూ దాని జోలికి పోయి ఉండరనుకుంటాను. కాబట్టి టూరిస్టులు "ఒకప్పుడు స్కాట్లండ్ వాళ్లందరూ ఇదే కట్టేవాళ్లా?" అని అడిగితే నా జవాబు: లేదు. సగం దేశం దాన్ని చూసి ముక్కు చిట్లించేది.

మరి అందరి బట్ట ఎప్పుడైంది? 1822లో. ఆ ఆగస్టులో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చాడు. అంతకుముందు నూటడెబ్బై ఏళ్లుగా సింహాసనం మీదున్న రాజెవరూ స్కాట్లండ్‌లో కాలు పెట్టలేదు. ఏర్పాట్లన్నీ నవలలు రాసే వాల్టర్ స్కాట్ నెత్తిన వేసుకున్నాడు. పెద్దమనుషులంతా టార్టన్, అంటే రంగురంగుల గళ్ల బట్ట, కట్టుకుని రండని ఊరంతటికీ చెప్పాడు. నిన్నటిదాకా ముక్కు చిట్లించిన లోలాండ్స్ బాబులు దర్జీల దగ్గరికి పరుగెత్తారు. రాజుగారు కూడా కిల్ట్ కట్టారు. ఆ మొత్తం వేషానికి బిల్లు 1,354 పౌండ్లు, పైన 18 షిల్లింగులు. కిల్టేమో మోకాళ్లకు బాగా పైకి ఉంది, కింద ఒంటిరంగు మేజోళ్లు వేసుకున్నాడు. రాజుగారు ఉండేది కొద్దిరోజులే కదా, ఎంత ఎక్కువ కనిపిస్తే అంత మంచిదని ఒక పెద్దింటావిడ చమత్కరించిందట. (నవ్వులు)

ఆ తర్వాత విక్టోరియా రాణి బాల్మొరల్ కొనుక్కుని పిల్లలకు కిల్టులు కట్టించింది. దాంతో ఫ్యాషన్ స్థిరపడింది. చూశారా, రోజూ కట్టే బట్టగా చచ్చిపోయి, పండగ బట్టగా మళ్లీ పుట్టింది. అందుకే రెండొందల ఏళ్ల తర్వాత కూడా పాల కోసం వెళ్లినవాణ్ణి "ఎవరి పెళ్లి?" అంటున్నారు.

ఇంతకీ, "విలియం వాలస్ కట్టింది ఇదేనా?" అని కూడా అడుగుతారు, సినిమాల పుణ్యం. ఇంగ్లండ్‌తో పోరాడిన స్కాట్లండ్ వీరుడు వాలస్‌ను 1305లో చంపేశారు. ఒంటికంతా చుట్టుకునే పెద్ద ప్లెయిడ్ ఆధారాలు దొరికేది పదహారో శతాబ్దం చివర. నాలుగైదు గజాల దుప్పటిని నేలమీద పరిచి, కుచ్చిళ్లు పెట్టి, మీద పడుకుని బెల్టు బిగించేవాళ్లు. రాత్రయితే అదే దుప్పటి. ఇప్పుడు నేను కట్టుకున్నది దాని కింది సగం. పద్దెనిమిదో శతాబ్దం మొదటి భాగంలో వచ్చింది. దీన్ని ఇలా కత్తిరించింది థామస్ రాలిన్‌సన్ అనే ఇంగ్లీషు ఇనుప కొలిమి యజమాని అని ఒక వాదం ఉంది. అతని పనివాళ్లకు పొడవాటి ప్లెయిడ్ అడ్డొస్తోందని అలా చేశాడట. ఈ మాట మా షాపులో పెద్ద దర్జీ ముందు అనకండి. టీ కూడా ఇవ్వడు.

రెండో ప్రశ్న: "మీది ఏ క్లాన్?" అంటే ఏ వంశం అని. స్కాట్లండ్ ముసలమ్మలు దీన్ని చాలా ఆప్యాయంగా అడుగుతారు. నా ముఖం చూస్తారు, టార్టన్ చూస్తారు, మళ్లీ ముఖం చూస్తారు. అమెరికా నుంచి వచ్చేవాళ్లు మాత్రం కాస్త సీరియస్‌గా అడుగుతారు: "నీకు ఇది కట్టే హక్కుందా?"

హక్కు అనే మాటే ఇక్కడ లేదు. ఫలానా టార్టన్ ఫలానా ఇంటిపేరు వాళ్లే కట్టాలనే చట్టం లేదు. ఒక్కో క్లాన్‌కు ఒక్కో టార్టన్ అనే పద్ధతి కూడా చాలావరకు 1822 ప్రాంతపు సంగతే. బానక్‌బర్న్‌లో విల్సన్స్ అనే నేత కంపెనీ ఉండేది. సైన్యానికి బట్ట నేసి పెద్దదైంది. వాళ్ల డిజైన్లలో చాలావాటికి మొదట నంబర్లే ఉండేవి, పేర్లు తర్వాత వచ్చాయి. మెకెంజీ టార్టన్ అని మా షాపులో అమ్మేది సీఫోర్త్ హైలాండర్స్ పటాలం కట్టిన బట్ట. 1842లో ఇద్దరు అన్నదమ్ములు, మేము స్టువర్ట్ యువరాజు మనవళ్లమని చెప్పుకుంటూ, పాత రాతప్రతి దొరికిందని ఏకంగా ఒక టార్టన్ల పుస్తకమే అచ్చేశారు. రాతప్రతి దొంగది. అయినా అందులోని డిజైన్లు కొన్ని ఇప్పటికీ జనం గర్వంగా కట్టుకుంటున్నారు. నాకు అందులో తప్పేమీ కనిపించదు. నూట ఎనభై ఏళ్లు కట్టుకున్నాక అది వాళ్లదే.

ఇప్పుడు ప్రభుత్వ రిజిస్టరు ఉంది. 2008లో చట్టం చేసి 2009 ఫిబ్రవరిలో మొదలుపెట్టారు. ఎవరైనా కొత్త టార్టన్ గీసి నమోదు చేసుకోవచ్చు. సిక్కుల కోసం సింగ్ టార్టన్ ఉంది. ఏ పేరూ లేనివాళ్లు బ్లాక్ వాచ్ కట్టుకోవచ్చు. ముదురు నీలం, ఆకుపచ్చ, నలుపు. నేను కట్టుకున్నది అదే. దీనికి "గవర్నమెంటు టార్టన్" అని ఇంకో పేరు. హైలాండ్స్ మీద కాపలాకు పెట్టిన పటాలం బట్ట ఇది. మర్యాద కోసం అందరూ వదిలేసేది బాల్మొరల్ టార్టన్ ఒక్కటే. అది రాజకుటుంబానిదీ, రాజుగారికి బ్యాగ్‌పైప్ వాయించే పైపర్‌దీ.

సరే, ఇక మీరు ఎదురుచూస్తున్న ప్రశ్న. (నవ్వులు) లోపల ఏముంటుంది?

దీనికి జవాబులు కూడా రెడీమేడ్‌గా దొరుకుతాయి. "బూట్లు, సాక్సులు" అంటాను, నవ్వి వెళ్లిపోతారు. ఏమీ వేసుకోకపోవడం పటాలాల నుంచి వచ్చిన పేరు. 1997లో హాంకాంగ్‌ను చైనాకు అప్పగించినప్పుడు బ్లాక్ వాచ్ పటాలం సైనికుడి కిల్ట్ గాలికి లేచిన ఫోటో ప్రపంచమంతా చూసింది, అప్పుడు ఆ పేరు మరీ గట్టిపడింది. అయితే హైలాండ్ డాన్సు పోటీల్లో లోపల వేసుకోవాలని నియమమే ఉంది. ఇక అద్దె కిల్టుల విషయం. వెనక్కొచ్చిన కిల్టులు సర్దేది నేను. ఆ హోదాలో, చేతులెత్తి దణ్ణం పెట్టి చెబుతున్నాను, వేసుకోండి. (పెద్దగా నవ్వులు) 2010లో స్కాటిష్ టార్టన్స్ అథారిటీ కూడా ఈ లేకుండా తిరిగే పద్ధతి శుభ్రం కాదనే చెప్పింది. దేశభక్తి లేదని దాన్ని చాలామంది తిట్టారు. తిట్టినవాళ్లలో ఒక్కరైనా అద్దె షాపులో పనిచేశారా?

ఇందులో నవ్వు రాని సంగతి కూడా ఒకటుంది. పగలు అడిగేవాళ్లు సరదాకే అడుగుతారు. శుక్రవారం రాత్రి పది దాటాక అడిగేవాళ్లలో కొందరు జవాబు కోసం ఆగరు, చెయ్యి పెట్టేస్తారు. ఫోన్ కిందకి పెట్టి ఫోటో తీస్తారు. మా షాపులో చేరిన ఒక కుర్రాడు సాయంత్రాలు బార్‌లో పనిచేసేవాడు. రెండు చేతుల్లో ట్రే ఉండగా వెనక నుంచి ఎత్తేవాళ్లు. మొదట్లో నవ్వేసేవాడు, తర్వాత మెల్లగా ప్యాంటులోకి మారిపోయాడు. ఇన్వర్నెస్‌లో ఒక పబ్బు వాళ్లు ఇలాంటి బాధ పడలేకే సిబ్బందికి కిల్టులు మాన్పించారని కొన్నేళ్ల కిందట పేపర్లలో వచ్చింది. లంగా వేసుకున్న అమ్మాయిని వీధిలో ఆపి లోపలేముందని అడిగితే ఏమవుతుందో మనకు తెలుసు. మగవాడైతే అది జోకు! చట్టం మాత్రం జోకు అనుకోవడం లేదు. అలా చెయ్యి వేయడం స్కాట్లండ్‌లో లైంగిక నేరం. దొంగచాటుగా బట్టల కింద ఫోటో తీయడం కూడా 2010 సవరణతో నేరంలోకి వచ్చింది. మన పిల్లలు గ్రాడ్యుయేషన్ పార్టీలకు కట్టుకుని వెళ్తున్నారు. వాళ్లకు ఈ మాట తెలియాలనే చెబుతున్నాను.

నాకు ఇష్టమైన ప్రశ్నలు వేరే ఉన్నాయి. "చలి వెయ్యదా?" ఇదిగో, కాస్త దగ్గరికి రండి, చూపిస్తాను. ఇది పదహారు ఔన్సుల ఉన్ని. గజానికి అంత బరువు. నేత వెడల్పుగా వస్తుంది, నాలుగు గజాలు తీసుకుని నిలువునా చీల్చి కలిపితే ఎనిమిది గజాలు. మొత్తం కిలో ఎనిమిది వందల గ్రాముల దాకా తూగుతుంది. ముందు ఈ రెండు పల్లాలు, అంటే కుచ్చిళ్లు లేని రెండు కొసలు, సాఫీగా ఒకదాని మీద ఒకటి. మిగతా బట్టంతా వెనక కుచ్చిళ్లలోకి వెళ్తుంది. ఈ కుచ్చిళ్ల మీద చూడండి, గళ్లు ఎక్కడా తెగినట్టు లేదు. ప్రతి మడతా సరిగ్గా అదే గీత దగ్గర మళ్లీ గడిలో కలిసేలా చేత్తో కుట్టారు. సైన్యంలో అయితే ప్రతి మడత మధ్యా ఒకే చార కనిపించేలా కుడతారు, నడుస్తుంటే లోపలి రంగు మెరుస్తుంది. నడుముకీ తుంటికీ ఇన్ని పొరల ఉన్ని ఉంటే చలెక్కడిది? ప్యాంటు కంటే వెచ్చన. మోకాళ్లకు తగులుతుంది, కానీ మోకాళ్లు అంతగా పట్టించుకోవు. వాన పడి కుచ్చిళ్ల అంచు తడిస్తే మాత్రం మోకాలి వెనక కోసుకుపోతుంది. దాని గురించి ఎవరూ అడగరు.

గాలికి లేవదా అంటే, ఈ బరువుకి ముందువైపు లేవదు. వెనకవైపు నార్త్ బ్రిడ్జ్ మీద లేస్తుంది, అక్కడ మనిషే లేచిపోతాడు. చవక కిల్టులు, రాయల్ మైల్ టూరిస్టు షాపుల్లో దొరికే పల్చటివి, ఎక్కడైనా లేస్తాయి. కూర్చోవడం ఎలాగంటే, అరచేతి వెనక వైపుతో కుచ్చిళ్లను కిందకి దువ్వి కూర్చోవాలి, స్పోరన్ ఒళ్లో పడాలి. ఈ తోలు సంచీకి పని ఇదే, పర్సు పెట్టుకోవడం ఒక్కటే కాదు. బాత్రూమ్ ప్రశ్నకు జవాబు మీరే ఊహించుకోండి, ప్యాంటు కంటే సులువే.

సాక్సులో కత్తి గురించి పోలీసులు కూడా అడుగుతారు. స్కియన్ దూ అంటారు దాన్ని. పబ్లిక్‌లో కత్తి పట్టుకెళ్లడం ఇక్కడ నేరం, కానీ జాతీయ దుస్తుల్లో భాగమైతే చట్టంలోనే మినహాయింపు ఉంది. అదే కత్తి జీన్స్ జేబులో ఉంటే ఆ మినహాయింపు వర్తించదు. విమానంలో అయితే చెక్-ఇన్ లగేజీలో పెట్టాల్సిందే.

ఇక మనవాళ్ల ప్రశ్నలు. మా మేనత్త వీడియో కాల్‌లో చూసి "ఒరేయ్, ఆ గౌనేంట్రా!" అంది. మా బాబాయి "లుంగీయే కదరా, దానికి అయిదొందల పౌండ్లా?" అన్నాడు. బాబాయి ప్రశ్న న్యాయమైనదే. లుంగీ ఎవరికైనా సరిపోతుంది, మడిచి కట్టొచ్చు, దులిపి ఆరేయొచ్చు. కిల్ట్ ఒక్క మనిషి కొలతకే కుడతారు. ఆ కొలత కూడా ప్యాంటు సైజు కాదు. కట్టేది బొడ్డు దగ్గర, కాబట్టి జీన్స్ సైజు చెప్పేవాడికి టేపు పెడితే రెండంగుళాలు ఎక్కువే వస్తుంది. మగవాళ్లు దాన్ని చాలా అవమానంగా తీసుకుంటారు. "మీ టేపు తప్పు" అన్నవాళ్లు కూడా ఉన్నారు. (నవ్వులు) పొడవు నడుము నుంచి మోకాలి చిప్ప మధ్య దాకా. అంత కొలిచి, చేత్తో ఇరవై గంటల దాకా కుట్టాలి. ఆ డబ్బు దానికి.

నా మాటలు ఇవే. ఎవరైనా అడగాలంటే అడగండి. దేన్నయినా. దాన్ని తప్ప. (నవ్వులు)

ఒక మహిళ: ఉతకడం ఎలాగండీ?

ఉతకమ్మా, ఉతకం. వేడినీళ్లలో పడితే అది మీ చంటిపిల్లాడికి సరిపోతుంది. మెత్తటి బ్రష్‌తో దులిపి గాలికి వేలాడదీయడమే. మరీ మరకైతే డ్రైక్లీనింగ్, అదీ కుచ్చిళ్లు దారంతో టాకాలు వేసి ఇవ్వాలి, లేకపోతే మడతలు పోతాయి. ఈ దేశంలో కిల్ట్‌కి అసలు శత్రువు చిమ్మెట. దేవదారు చెక్కముక్కలు పెట్టండి, అప్పుడప్పుడు తీసి చూసుకోండి.

ఒక విద్యార్థి: అన్నా, జూలైలో నా గ్రాడ్యుయేషన్. అమ్మానాన్న వస్తున్నారు. కట్టుకోవచ్చా? అద్దె ఎక్కడ మంచిది?

కట్టుకో, పైన గౌను, కింద కిల్ట్, బాగుంటుంది. అద్దె ఎక్కడైనా తీసుకో, మా షాపే అనను. కానీ మూడు సంగతులు చూసుకో. ఒకటి, కొలతలకు నువ్వే వెళ్లు, ఫోన్‌లో సైజు చెప్పకు. రెండు, పిన్ను పైపల్లానికి ఒక్కదానికే గుచ్చు, రెండు పల్లాలూ కలిపి గుచ్చితే నడిచేసరికి బట్ట చిరుగుతుంది, డిపాజిట్ పోతుంది. మూడు, మీ నాన్నగారు చూశాక తనకూ కావాలంటారు, నాన్నలందరూ అంటారు. అందుకని ఇద్దరికీ ఇప్పుడే చెప్పిపెట్టు. జూన్ దాటితే పెళ్లిళ్ల సీజనులో మంచి సైజులన్నీ బయటికెళ్లిపోతాయి.